బోటు చేతికొచ్చేలోపు: విజయవాడలోనే మూడు వారాల్లో తీరప్రాంత నావిగేషన్

నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఫుకెట్‌లోనో గ్రీసులోనో వారం రోజులకి బోటు అద్దెకు తీసుకుందామనుకున్నారు. అడ్వాన్సు కట్టేశారు, విమానం టికెట్లూ అయిపోయాయి. అందులో ఒకరికి తెరచాప బోటు నడపడం వచ్చు. మిగతావాళ్లకి పున్నమి ఘాట్ నుంచి భవానీ ఐలాండ్ దాకా వెళ్లొచ్చిన అనుభవమే. ఈ వ్యాసం ఆ మిగతావాళ్ల కోసం. నడిపేవాడి చేతులు చుక్కాని మీదా కళ్లు గాలి మీదా ఉంటాయి. చార్టు, అంటే సముద్రపు మ్యాపు, ముందు పెట్టుకుని "ఇప్పుడు ఇక్కడున్నాం, అరగంటలో ఫలానా చోట ఉంటాం, అక్కడ నీళ్లు ఇంత ఉంటాయి" అని చెప్పే రెండో మనిషి కావాలి. రోజుకో గంట కూర్చుంటే ఆ పని మూడు వారాల్లో వస్తుంది.

బోటు నడపడం మాత్రం ఇలా రాదు. బృందంలో ఎవరికీ అనుభవం లేకపోతే స్కిప్పర్‌ని, అంటే బోటు నడిపే మనిషిని, పెట్టుకోండి, ఆ ఖర్చు దగ్గర బేరాలు వద్దు. గ్రీసు, క్రొయేషియాల్లో లైసెన్సు చూపించకపోతే బోటు అసలు ఇవ్వరు. క్రొయేషియాలో రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు. లైసెన్సు దారిలో వెళ్లాలనుకుంటే బ్రిటన్ ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) వాళ్ల డే స్కిప్పర్ థియరీ కోర్సు ఇంటి నుంచే ఆన్‌లైన్లో చేయొచ్చు. అది సుమారు 40 గంటల చదువు. కింద చెప్పేది అందులో బోటు ఎక్కిన మొదటి రోజే అక్కరకొచ్చే భాగం. నక్షత్రాలు చూసి దారి కనుక్కోవడం, సెక్స్‌టెంట్ లాంటివి ఇప్పుడు ముట్టుకోకండి. ఆసక్తి ఉంటే తిరిగొచ్చాక చూసుకోవచ్చు.

ముందు సామాన్లు

మీరు వెళ్లే చోటి చార్టు ఒకటి కాగితం మీద ఉండాలి. మన దేశపు తీరం చార్టులు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ప్రచురిస్తుంది. విదేశీ చార్టులు ఆన్‌లైన్లో దొరుకుతాయి, కానీ చేతికి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి మొదటి రోజే ఆర్డర్ పెట్టేయండి. లాప్‌టాప్‌లో చార్టులు చూపించే ఓపెన్‌సీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, అది ఉచితం. మిగతా సరంజామా పిల్లల కాంపాస్ బాక్సులోనే ఉంది: డివైడర్, రెండు మూలమట్టాలు, కోణమానిని. మెత్తటి 2బి పెన్సిలూ రబ్బరూ తీసుకోండి. చార్టు మీద పెన్నుతో గీసేవాడికి రెండోసారి చార్టు ఇవ్వకూడదు.

డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే, చేత్తో పట్టుకుని దూరంగా ఉన్నవాటి దిశ చూసే హ్యాండ్ బేరింగ్ కంపాస్. ఫోన్‌లోని కంపాస్‌ని దీనికి నమ్మొద్దు. ఫ్లిప్ కవర్‌లో అయస్కాంతం ఉంటే చాలు, దాని ఉత్తరం దానిదే.

అక్షాంశం, రేఖాంశం, ఒక చుక్క తేడా

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ప్రకాశం బ్యారేజీ మీద వేలు నొక్కిపట్టండి. 16.506, 80.605 దగ్గర్లో అంకెలు వస్తాయి. చార్టులు, బోటులోని పరికరాలు మాత్రం సాధారణంగా డిగ్రీలు, నిమిషాల్లో మాట్లాడతాయి. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. అందుకని చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి. 0.506ని 60తో గుణిస్తే 30.4. అంటే బ్యారేజీ ఉన్నది 16 డిగ్రీల 30.4 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద. రేఖాంశం ఇలాగే 80 డిగ్రీల 36.3 నిమిషాలు.

తొందరలో 16.506ని 16 డిగ్రీల 50.6 నిమిషాలుగా రాసుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ చోటు బ్యారేజీకి 37 కిలోమీటర్లు ఉత్తరాన, మైలవరం కూడా దాటాక వస్తుంది. నేల మీద ఈ తప్పు చూడగానే తెలిసిపోతుంది, నవ్వుకుంటాం. నాలుగు దిక్కులా నీళ్లే ఉన్నప్పుడు అంత తేలిగ్గా తెలియదు. ఇంటి అడ్రస్, ఆఫీసు, గుంటూరులో అత్తగారి ఊరు, ఇలా తెలిసిన చోట్లన్నీ రెండు పద్ధతుల్లోనూ రాసి చూడండి. ఆలోచించకుండా వచ్చేదాకా రాయండి.

అక్షాంశంలో ఒక నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. గంటకి ఒక నాటికల్ మైలు వెళ్తే ఒక నాట్ వేగం. కాబట్టి చార్టులో దూరం కొలవాలంటే డివైడర్ కాళ్లు రెండు చోట్లా పెట్టి, అదే ఎడంతో చార్టు కుడి లేదా ఎడమ అంచున ఉన్న స్కేలు మీద పెట్టి లెక్కపెట్టాలి. అది కూడా మీరున్న అక్షాంశానికి ఎదురుగా ఉన్న భాగంలోనే. పైనా కిందా ఉన్న రేఖాంశపు స్కేలు మీద ఎప్పుడూ కొలవొద్దు. మన అక్షాంశం దగ్గర దాని నిమిషం నాలుగు శాతమే చిన్నది, గ్రీసుకి వెళ్లేసరికి ఐదో వంతు తగ్గిపోతుంది.

చార్టు చదవడం

మొదటి వారంలో సగం దీనికే ఇవ్వండి. నీళ్ల మీద చల్లినట్టుండే అంకెలు లోతులు. అవి మీటర్లలోనో కాదో చార్టు మూలన రాసి ఉంటుంది, ముందు అది చూడండి. కింద గీత ఉన్న అంకె కనిపిస్తే అక్కడ పాటు సమయంలో, అంటే నీళ్లు దిగినప్పుడు, నేల బయటపడుతుందని అర్థం. కూడిక గుర్తులు రాళ్లు. చుట్టూ చుక్కల గీత ఉంటే "ఇక్కడ ప్రమాదం, చూసుకో" అని చెప్పడం. లంగరు వేసేటప్పుడు అడుగున ఏముందో కావాలి: ఎస్ ఇసుక, ఎం బురద, ఆర్ రాయి. ఇసుక, బురద లంగరుని పట్టుకుంటాయి. రాతిలో పట్టు దొరకదు, లేదంటే ఇరుక్కుని తిరిగి రాదు.

లైట్‌హౌస్ పక్కన ఎఫ్ఎల్, బ్రాకెట్లో 2, తర్వాత 10ఎస్, 15 పక్కన చిన్న ఎం, 12 పక్కన పెద్ద ఎం ఉంటే: పది సెకన్లకోసారి రెండు మెరుపులు, దీపం 15 మీటర్ల ఎత్తున, వెలుగు 12 మైళ్ల దాకా. చిన్న ఎం మీటర్లు, పెద్ద ఎం మైళ్లు. ఇది తారుమారు చేసుకుంటే సరదాగా ఉండదు.

దిశ చూడటం

రెండో వారమంతా ఇదే. ఉత్తరాన్ని సున్నాగా తీసుకుని గడియారం తిరిగే వైపుగా 360 దాకా కొలిచే దిశని బేరింగ్ అంటారు. డాబా ఎక్కండి. పిట్టగోడకి, వాటర్ ట్యాంకు స్టాండుకి నాలుగడుగుల దూరం జరిగి నిలబడండి, వాటిలోని ఇనుము సూదిని లాగుతుంది. గవర్నర్‌పేట వైపు ఉండేవాళ్లు గాంధీ కొండ స్తూపం, ఇంద్రకీలాద్రి మీది గోపురం చూడొచ్చు. గుంటూరులో కొండలు దూరం కాబట్టి వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు పట్టుకోండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 50 వేల స్కేలు మ్యాపు ఆన్‌లైన్లో దింపుకుని ప్రింటు తీసుకుంటే చార్టు వచ్చేదాకా దాని మీద సాధన చేయొచ్చు. అందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు.

స్తూపం బేరింగ్ 70 వచ్చిందనుకోండి. మ్యాపులో స్తూపం గుండా 70 డిగ్రీల గీత గీస్తే మీరు ఆ గీత మీద ఎక్కడో ఉన్నారు. ఇంకో గుర్తు చూసి రెండో గీత గీస్తే రెండూ కలిసే చోటే మీ చోటు. రెండింటి మధ్యా కోణం తొంభైకి దగ్గరగా ఉంటే మంచిది. ఇరవై, ముప్పైలో ఉంటే చిన్న తప్పు కూడా చార్టు మీద పెద్దదవుతుంది. మూడో గుర్తు కూడా చూస్తే మూడు గీతలూ ఒకే చుక్కలో కలవవు, చిన్న త్రిభుజం వస్తుంది. రాయో, లోతు తక్కువ చోటో దగ్గర్లో ఉంటే త్రిభుజంలో దానికి దగ్గరగా ఉన్న మూలనే మీ చోటుగా తీసుకోండి.

ఒక డిగ్రీ తప్పుకి 60 మైళ్ల దూరాన ఒక మైలు పక్కకి వెళ్తాం. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. మూడు మైళ్ల అవతలి కొండ బేరింగ్‌లో ఐదు డిగ్రీలు తప్పితే పావు మైలు తేడా, అంటే 460 మీటర్లు.

తర్వాత లైఫ్ జాకెట్ బిగించుకుని పున్నమి ఘాట్ నుంచి బోటులో ఇదే పని చేయండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయిన నది ఇది, నది కదా అని జాకెట్ పక్కన పడేయొద్దు. తూర్పున ఇంద్రకీలాద్రి, ఎగువన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనిపిస్తాయి. డాబా మీద నిలకడగా ఉన్న సూది ఇక్కడ ఊగుతుంది. ఊగుడుకి రెండు కొసలా వచ్చే అంకెలు చూసి మధ్యది తీసుకోవాలి. బోటుకి ఎదురుగా, వెనకగా ఉన్నవాటి బేరింగ్ నెమ్మదిగా మారుతుంది కాబట్టి ముందు వాటిని చూసి, వేగంగా మారిపోయే పక్కదాన్ని ఆఖర్న చూడాలి. టైము కూడా రాసుకోవాలి. టైము లేని బేరింగ్ ఎందుకూ కొరగాదు.

కంపాస్ అవసరమే లేని పద్ధతి ఇంకోటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టం. ఘాట్ మీద ఒక దీపస్తంభం, దాని వెనక కొండ మీద ఒక టవరు ఒకే వరసలోకి వచ్చాయంటే మీరు ఆ రెండింటినీ కలిపే గీత మీద ఉన్నట్టే. ముందున్నది ఎడమకి జరిగినట్టు కనిపిస్తే మీరు కుడికి కొట్టుకుపోతున్నారు. ప్రవాహం పక్కకి లాగుతోందని ఇంత తొందరగా చెప్పేది ఇంకోటి లేదు.

సూది చూపించే ఉత్తరానికీ మ్యాపు ఉత్తరానికీ తేడా ఉంటుంది. మన దగ్గరా ఫుకెట్‌లోనూ అది ఒకటి రెండు డిగ్రీల లోపే, మరిచిపోయినా నడిచిపోతుంది. గ్రీసులో నాలుగైదు డిగ్రీలు తూర్పుకి ఉంటుంది. తూర్పు తేడా అయితే కంపాస్ అంకెకి కలపాలి, పడమర అయితే తీసేయాలి. చార్టు మీది కంపాస్ వృత్తంలో ఆ ఏడాది తేడా ఎంతో రాసి ఉంటుంది.

వేగం, కాలం, దూరం

ఆరు నిమిషాల్లో ఎంత వెళ్తారో తెలియాలంటే వేగాన్ని పదితో భాగించండి. 5 నాట్లయితే అర మైలు. ఇలా బయల్దేరిన చోటు నుంచి దిశ, వేగం, గడిచిన సమయం పట్టుకుని "ఇప్పుడు ఇక్కడ ఉండాలి" అని చార్టు మీద చుక్క పెట్టండి. తర్వాత బేరింగులతో అసలు చోటు పట్టుకోండి. రెండింటికీ మధ్య ఎడమే ప్రవాహం, గాలి కలిసి చేసిన పని. అరగంటకోసారి ఇది చేయండి, రాయిలాంటివి దగ్గర్లో ఉంటే పది నిమిషాలకోసారి.

ఆటుపోట్లకి పంచాంగం చాలు, అంకెలకి పట్టిక కావాలి

గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి దాటాక రెండింటికీ తేడా తక్కువ. రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. బోటు తీసుకునే వారం ఏ తిథుల్లో పడుతుందో ఇప్పుడే చూసుకోండి, ఎక్కడికి వెళ్లాలన్నది కూడా దాన్నిబట్టి మారొచ్చు. మచిలీపట్నం వైపు ఈ తేడా ఒకటిన్నర మీటరు లోపే. ఫుకెట్‌లో పెద్ద పోట్ల రోజుల్లో సుమారు రెండున్నర మీటర్లు. గ్రీసులో చాలాచోట్ల లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకి ఈ భాగం అంతగా అక్కర్లేదు.

పౌర్ణమి ఆదివారాలకి దగ్గరగా వస్తే గుంటూరు నుంచి నిజాంపట్నం హార్బరుకి వెళ్లి జెట్టీ స్తంభం ఒకదాన్ని చూస్తూ కూర్చోండి. గంటకోసారి తడి గీత దగ్గర ఫోటో తీయండి. మొదటి గంటలో నీళ్లు కదిలినట్టే ఉండవు, మూడు, నాలుగు గంటల్లో కళ్లెదుటే జారిపోతాయి, ఆఖర్న మళ్లీ నిదానం. దీన్నే పన్నెండో వంతుల లెక్క అంటారు: ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పొద్దున ఆరింటికి పాటు 0.5 మీటర్లు, మధ్యాహ్నం పన్నెండింటికి పోటు 2.9. తేడా 2.4, పన్నెండో వంతు 20 సెంటీమీటర్లు. తొమ్మిదింటికి ఆరు వంతులు ఎక్కాయి, అంటే 1.2. పాటు ఎత్తు కలిపితే 1.7. మీరు దాటాల్సిన చోట చార్టులో లోతు 1.0 అని ఉంటే అసలు నీళ్లు 2.7 మీటర్లు. చార్టు లోతులు దాదాపు అన్నిటికన్నా తక్కువ పాటు నుంచి కొలిచినవి, అందుకే ఆ సమయానికి ఉన్న నీటి ఎత్తుని కలుపుతాం. బోటు నీళ్లలో 2 మీటర్లు మునిగి ఉంటే అడుగున మిగిలేది 70 సెంటీమీటర్లు. నేనైతే మొదటి ట్రిప్పులో మీటరు కన్నా తక్కువ మిగిలే చోటికి వెళ్లను. నీళ్లు దిగేటప్పుడు అసలే వెళ్లను, ఎందుకంటే దిగేటప్పుడు నేల తగిలితే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి.

పట్టికలో టైము ఏ దేశానిదో చూసుకోండి. థాయిలాండ్ మనకన్నా గంటన్నర ముందు. మన తీరానికి ఆటుపోట్ల అంచనాలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది, ఫుకెట్‌కి థాయ్ నౌకాదళం పట్టిక ప్రచురిస్తుంది.

లంగరు గొలుసు కూడా పోటు సమయపు లోతుకే వదలాలి. ఇప్పుడు 6 మీటర్లు, ఇంకా 2 ఎక్కుతుంది, బోటు ముందుభాగం నీటికి మీటరు ఎత్తు. మొత్తం 9, దానికి ఐదు రెట్లు 45 మీటర్లు.

బోయాలు, ఎదురొచ్చే బోట్లు

మన దేశం, థాయిలాండ్, యూరప్ అన్నిట్లోనూ హార్బరులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా (నీళ్ల మీద తేలే గుర్తు) ఎడమన, ఆకుపచ్చది కుడిన ఉండాలి. అమెరికా ఖండాల్లో ఇది తిరగబడుతుంది. నలుపు, పసుపు బోయాల మీద రెండు శంకువులు ఉంటాయి. రెండూ పైకి చూస్తే ఉత్తరం, కిందికి చూస్తే దక్షిణం, అడుగులు కలిసుంటే తూర్పు, మొనలు కలిసుంటే పడమర. ఏ దిక్కు బోయా అయితే ఆ దిక్కు వైపు నుంచే దాన్ని దాటాలి.

రెండు ఇంజిను బోట్లు ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. బెంజి సర్కిల్‌లో ఎడమకి తప్పుకోవడం అలవాటైన చేతులు అక్కడా ఎడమకే లాగుతాయి, కాబట్టి దీన్ని ముందే పైకి చదువుకోండి. అడ్డంగా వచ్చేవాళ్లలో మీ కుడివైపున ఉన్నవాళ్లకి దారి ఇవ్వాలి. వెనక నుంచి దాటేవాళ్లే తప్పుకోవాలి. వలలు వేసి చేపలు పడుతున్న పడవకి తెరచాప బోటు కూడా తప్పుకోవాల్సిందే. ఎదుటి పడవ బేరింగ్ మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే ఢీకొట్టబోతున్నారని అర్థం. చాలా కంపెనీలు అద్దె బోటుని చీకట్లో నడపనివ్వవు కాబట్టి రాత్రి దీపాల గురించి కొద్దిగా తెలిస్తే చాలు: ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, వెనక తెలుపు.

స్క్రీన్ మీద రాళ్లు మాయమవుతాయి

2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేసులో టీమ్ వెస్టాస్ విండ్ అనే బోటు హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కి ఈశాన్యాన కార్గడోస్ కారజోస్ దిబ్బల మీదికి ఎక్కేసింది. నడిపింది ప్రపంచస్థాయి నావికులు. ఎలక్ట్రానిక్ చార్టుని బాగా దూరం చేసి చూసినప్పుడు ఆ దిబ్బల ప్రమాదం అందులో తెలియలేదు. దగ్గరికి జూమ్ చేసి ఉంటే కనిపించేది. ఎవరి ప్రాణాలూ పోలేదు గానీ బోటు బాగా దెబ్బతింది.

కాబట్టి మర్నాటి దారి మొత్తాన్నీ ముందురోజు రాత్రే పూర్తిగా జూమ్ చేసి వేలితో నెమ్మదిగా జరుపుతూ చూడాలి. రాయి కనిపించినచోటల్లా కాగితం చార్టు మీద పెన్సిల్‌తో చుట్టండి.

ఒక పేజీ ప్లాను

మూడో వారంలో రోజుకో ప్రయాణం ఇంటి దగ్గరే రాసి చూడండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, దిశ, దూరం, పట్టే సమయం, పోటు ఎన్నింటికి, రాళ్లెక్కడ, మధ్యలో గాలి పెరిగితే తలదాచుకునే చోటు. 14 మైళ్లు 5 నాట్ల వేగంతో 2 గంటల 48 నిమిషాలు. దానికి మూడో వంతు కలిపితే మూడు గంటల ముప్పావు. సాయంత్రం నాలుగింటికి లంగరు పడాలంటే పన్నెండుంబావుకల్లా బయల్దేరాలి. నాలుగే ఎందుకంటే, మొదటి చోట లంగరు పట్టకపోతే ఇంకోటి వెతుక్కోవడానికి వెలుతురు ఉండాలి. ఫుకెట్‌లో పొద్దు గూకితే చీకటి గబగబా కమ్ముకుంటుంది.

ఫుకెట్ పడమటి వైపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నైరుతి రుతుపవనాల్లో అటు వెళ్లొద్దు. తూర్పున ఫాంగ్ నా అఖాతానికి గాలి తాకిడి తక్కువ, కానీ దాని ఉత్తర భాగం బురద, లోతు తక్కువ. పైగా అక్కడి సున్నపురాయి కొండలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బేరింగ్ తీసుకునే ముందు అది చార్టులో ఏ కొండో రెండు రకాలుగా తేల్చుకోండి.

బోటు అప్పజెప్పే రోజు

కంపెనీ మనిషి గంటలో అన్నీ చూపించేసి వెళ్లిపోతాడు. ముందే చీటీ మీద రాసుకుని అడగండి. బోటు ఎంత లోతు మునుగుతుంది, గొలుసు ఎన్ని మీటర్లు, దాని మీద గుర్తులు ఎన్ని మీటర్లకోసారి, కంపెనీ వాళ్లు వినేది రేడియోలో ఏ ఛానల్, ఏయే చోట్లకి వెళ్లకూడదు. ఆపదలో పిలవడానికి ఛానల్ 16 అని అందరూ గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా లోతు చూపించే పరికరం ఎక్కడి నుంచి కొలుస్తోందో అడగండి. నీటి మట్టం నుంచా, బోటు అడుగు నుంచా? 2.0 అని చూపిస్తే మొదటి పద్ధతిలో 2 మీటర్లు మునిగే బోటు నేలకి ఆనుకున్నట్టే, రెండో పద్ధతిలో ఇంకా రెండు మీటర్ల నీళ్లున్నట్టు. వాళ్ల మాట మీదే వదిలేయకండి. బోటు ఇంకా కట్టే ఉండగా తాడుకి బరువు కట్టి నేల తగిలేదాకా దించి, తడిసిన మేర కొలవండి. స్క్రీన్ మీది అంకెతో పోల్చి, తేడా ఎంతో టేపు ముక్క మీద రాసి చుక్కాని పక్కన అంటించండి.